డాన్యూబు నదిపైఁ గడపటి దినములు



నదీయాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్నుఁ గోరిరి. నేను గోదావరి డెల్టాలోఁ గాలువగట్టునఁ బుట్టి, లాకుల కడఁ బడవలు నిలుచుటయుఁ దలుపులు తెఱచుటయుఁ జూచుచుఁ బెరిగినవాఁడను. ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుఁగు పండితుఁడనై పనిచేసి యింటఁ గూర్చుంటిని. పరదేశముల నేఁగుటయందు నాకెన్నఁడును గోరిక లేదు. మా కుమారుఁడు జర్మనీ దేశమున నుద్యోగి. అతఁడు 2023వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నన్నును, మా గృహిణిని బిలిపించుకొనెను. తనకు సెలవు దొరకనందున మమ్మిద్దఱనే డాన్యూబు నదిపై నెనిమిది దినముల యాత్రకుఁ బంపెను.

జర్మనీలోని పస్సౌ అను పట్టణమున నోడ యెక్కితిమి. ఇన్, ఇల్జ్ అను రెండు నదు లచ్చట డాన్యూబులోఁ గలియును. మూఁడు నదుల నీళ్ళును మూఁడు రంగులుగాఁ గానవచ్చును. మా గృహిణి చూచి "ఇది వీరి ప్రయాగ కాఁబోలు" ననెను. తొలి దినములను గూర్చి విస్తరింపను. ద్రాక్షతోఁటలు, కొండకొమ్ములపైఁ గోటలు, మఠములు, ఎచ్చటఁ జూచినను దువ్వి తీర్చినట్టి పల్లెలు. ఇవి చూచుచుండఁగా నైదు దినములు గడచిపోయెను. నేఁ జెప్పఁదలఁచినది కడపటి మూఁడు దినముల మాట.

దానికి ముం దోడను గూర్చి యొకింత చెప్పవలెను. దాని పొడవు 135 మీటర్లు. వెడల్పు పదునొకండున్నర మీటర్లకు లోపు. ఇంత పొడవైన దాని కింత సన్నని నడుమేల యని యడిగితిని. రైనునది కుపనదియగు మైనును డాన్యూబుతోఁ గలుపు కాలువ యొకటి 1992లోఁ బూర్తియైనదఁట. ఆ దారియందలి లాకుల వెడల్పు 12 మీటర్లు మాత్రమే. ఉభయనదులందును దిరుగవలెనన్న నా కొలఁతకు లోఁబడియే యోడను గట్టవలెను. వంతెనలు తగ్గుగా నున్నచోట సరంగు నిలుచు గదియే క్రిందికి దిగిపోవును. పైకప్పుమీఁది కమ్ములను బండుకొనఁబెట్టుదురు. అందున్నవారిని గూర్చుండుఁడని కేకవేయుదురు.

ఈ నదికి దూరము తెలుపు పలకలు గట్టున నాటియున్నవి. లెక్క నది పుట్టినచోటినుండి కాదు. నల్లసముద్రమునఁ గలియు చోటినుండి యెగువకు. వియన్నా కడ నించుమించు 1929 కిలోమీటర్లు. బుడాపెస్టు కడ 1647. మేము దిగువకుఁ బోవుచుండుటచే నా యంకె గంటగంటకుఁ దగ్గుచుండెను. అరువది దాఁటినవాని కట్టి లెక్కలు చూడఁగా మనస్సున నేదో కదలును.

డాన్యూబను పేరు నాకుఁ జుట్టమువలెఁ దోఁచెను. వేదభాషలో "దాను" అనఁగా జలబిందువు, ద్రవము అని యర్థము. ఈ నది పేరును, రష్యా దేశపు డాన్ నది పేరును నా మాటతో నొకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఉదయసంధ్యకు నోడ పైకప్పున నిలిచి యర్ఘ్యమిచ్చునపు డా సంగతి తలఁచుకొని, పరాయి నీటి నెదుట నున్నానను సంకోచము విడిచితిని. స్ట్రాస్ అను సంగీతవిద్వాంసుఁడు 1867లో నీ నదిని నీలియని వర్ణించు నొక నృత్యగీతమును గూర్చి లోకప్రసిద్ధి గాంచెను. నాకు మాత్రము నీళ్ళు శ్రావణమాసపుఁ గాలువనీళ్ళవలె నాకుపచ్చగా, గొంత బూడిదగాఁ గనఁబడెను. కవుల మాట కవులదే.

వియన్నాలో రెండు దినములు నిలిచితిమి. నగరమధ్యమున స్టెఫాను మహాదేవాలయము కలదు. దాని దక్షిణగోపురము 136 మీటర్ల యెత్తు. 343 మెట్లెక్కి కావలివాని గదిదాఁకఁ బోవచ్చును. మా గృహిణి పాదములు వాచియుండెను గావునఁ గ్రింద బల్లమీఁదఁ గూర్చుండెను. నేనొక్కఁడనే యెక్కి, యెగరోజుచు నిలిచి, యెఱ్ఱని కప్పుల సముద్రమును జూచితిని. ఉత్తరగోపురమున నొక మహాఘంట వ్రేలాడుచున్నది. 1683లోఁ దురుష్కులు నగరమును ముట్టడించి, యోడి, విడిచిపోయిన ఫిరంగులను గరఁగించి 1711లో దానిని బోసిరి. 1945 ఏప్రిలులో, యుద్ధాంతమున, దేవాలయమునకు నిప్పంటుకొని గంట క్రిందఁబడి పగిలెను. ఆ ముక్కలనే మరలఁ గరఁగించి 1951లోఁ గ్రొత్తగంట పోసిరి. దానిబరువు 20 టన్నులకుఁ బైమాటయఁట.

ఇవియెల్ల నందఱును జూచునవి. మఱునాఁడు మాకు దారిచూపిన యమ్మాయి నేను పండితుఁడ నని విని, "మీకొక చోటు చూపెదను" అని రాజప్రాసాదపు గ్రంథశాలకుఁ దోడుకొనిపోయెను. 1723 మొదలు 1726 వఱకుఁ గట్టిన మందిరమది. సుమారు 78 మీటర్ల పొడవు. నడుమఁ జిత్రములు వ్రాసిన గుమ్మటము. ఇరువైపులను నేలనుండి పైకప్పుదాఁకఁ గొయ్యబీరువాలు. వానియందు రెండు లక్షల గ్రంథములు. తోలుఅట్టలమీఁది బంగారు నీరు మాసినను మెఱయుచునే యుండెను. వాసన మాత్రము నాకుఁ దెలిసినదే. పాతపుస్తకపు వాసన యే దేశమందైన నొక్కటే.

ఆ యమ్మాయి యొక ముచ్చట చెప్పెను. 1992 నవంబరులో నొకరాత్రి ప్రాసాదమున నీ గ్రంథశాలకుఁ జేరువనున్న నాట్యమందిరములకు నిప్పంటుకొన్నదఁట. ప్రక్కనే రాజాశ్వశాల. అందున్న తెల్లని గుఱ్ఱములను విప్పి తోఁటలోనికిఁ దోలుకొనిపోయిరి. గ్రంథశాలకు మంట తాఁకునేమో యను భయమున, నర్ధరాత్రమున, మనుష్యులు చేతులమీఁదుగాఁ బుస్తకములను వెలుపలికిఁ దరలించిరి. మంట గ్రంథశాలకు రానేలేదు. తరలించినవానిని దరువాతఁ దెచ్చి మరల సర్దుకొనిరి.

ఆమె యీ మాట చెప్పి ముందునకు నడచెను. నేను నడువలేకపోయితిని. ఏల యనఁగా, దాని కొక్క సంవత్సరము ముందు, 1991లో, నేను చేసిన పని నాకు జ్ఞప్తికి వచ్చెను. ఇది నేనింతవఱ కెవరితోఁ జెప్పలేదు. నేఁడు మీతోఁ జెప్పుచున్నాను.

మా తండ్రిగారికడఁ బండ్రెండు తాటాకు కట్టలుండెడివి. మా ముత్తాతనాఁటినుండి వచ్చినవి. ఆయన యేఁట నొకమాఱు వానిని దీసి, యాకుయాకును దుడిచి, నిమ్మగడ్డి నూనె పూసి, నీడపట్టున నారవేసెడివారు. ఆయన పోయిన మూఁడేండ్లకుఁ జూడఁగా నొక మూలఁ జెదలు పట్టియుండెను. నేను భాషాప్రవీణుఁడను, బడిలో బాలురకు వ్యాకరణము చెప్పువాఁడను. అయినను, గంటముతో గొలుసుకట్టుగాఁ బదమునకుఁ బదమునకు నెడము లేక వ్రాసిన యా పంక్తులను గూడఁబలుకుకొని చదువు నోపిక నాకు లేకుండెను. అప్పుడే గోదావరీ పుష్కరములు వచ్చెను. శిథిలమైన పొత్తమును బుణ్యనదిలో విడుచుట పెద్దల యాచారము. ఆ యాచారము నాకు మంచి సాకయ్యెను. కొవ్వూరిలో గోష్పాదక్షేత్రపు మెట్లమీఁద నిలిచి, పదునొకండు కట్టలను, బసుపుకుంకుమలు చల్లి, నీట విడిచితిని. అందుఁ జెదలు తిన్నవి నాలుగో యైదో. తక్కినవి బాగుగనే యుండెను. తాటాకు వెంటనే మునుఁగదు. కొంతదూరము తేలుచుఁ బోయినవి. జనులు నమస్కరించిరి. నేనును నమస్కరించితిని.

ఒక్క కట్టను మాత్రము మిగిల్చితిని. దసరాలలో సరస్వతీపూజకుఁ దాటాకు పుస్తకముండుట మా యింటి సంప్రదాయము. దానిని నెఱ్ఱని గుడ్డలోఁ జుట్టి దేవతార్చన పెట్టెలో నుంచితిమి.

ఆ వియన్నానగరపు విశ్వవిద్యాలయమున బ్యూలరు అను మహాపండితుఁడు సంస్కృతాచార్యుఁడుగా నుండెను. మనుస్మృతిని 1886లో నాంగ్లమునఁ బ్రకటించినవాఁ డీతఁడే. అంతకుముందు బొంబాయిలో నధ్యాపకుఁడై యుండి, 1875లోఁ గాశ్మీరము పోయి వందలకొలఁది వ్రాతప్రతులను సంపాదించెను. 1898లో నొంటరిగా సరస్సునఁ బడవ నడుపుకొనుచు మునిఁగిపోయెను. మనవారు నీటఁ బుస్తకములను విడువఁగాఁ, బుస్తకములను బట్టుకొన్నవాఁడు తానే నీటఁ బోయెఁ గదా యని యా రాత్రి నిదుర పట్టలేదు.

భోజనము మాట యడుగుదురేమో. ఓడలో శాకాహార మనఁగా నుడికించిన దుంపలు, పుట్టగొడుగులు, వెన్న. మా గృహిణి వెంటఁ దెచ్చిన కందిపొడియు నావకాయయు మమ్ము నిలిపినవి. ఆఱవనాఁడు వంటవాఁడు మాకొఱకు ప్రత్యేకముగా నన్నము వండి పంపి, మా కందిపొడి వేలితోఁ దీసి నాలుకపై నుంచుకొని, యావకాయ జోలికి మాత్రము పోలేదు.

వియన్నానుండి బయలుదేఱి మఱునాఁటి యుదయమున బ్రాటిస్లావా చేరితిమి. స్లొవాకియా రాజధాని. హంగరీ రాజులకు 1563 మొదలు 1830 వఱకుఁ బట్టాభిషేకములు జరిగిన దేవాలయమిందుఁ గలదు. ఈ యూరివాఁడొకఁడు తన తాతను గూర్చి చెప్పుచు, ఆయన యిల్లు కదలకయే నాలుగు రాజ్యములఁ గాపురముండెనని నవ్వెను. 1918 దాఁక నాస్ట్రియా హంగరీ; పిదపఁ జెకొస్లొవాకియా; నడుమ యుద్ధకాలపు స్లొవాకు రాజ్యము; మరలఁ జెకొస్లొవాకియా. 1993లో వేఱుపడిన దేశమును జూచుటకు మాత్ర మాయన లేఁడు. మనలోఁగూడ నొక్క యరుగుమీఁదనే కూర్చుండి 1953ను, 1956ను, 2014ను జూచిన వృద్ధులు కలరు గదా యని నేననఁగా, వానికిఁ జాలసేపు వివరింపవలసి వచ్చెను.

అపరాహ్ణమున గబ్చికోవో లాకు. దీనిని జూచుటకు నేను ముందుగనే పైకిఁ బోయి నిలిచితిని. మన ధవళేశ్వరపు లాకులలో నీరు దిగుట నిలిచి చూచినవారికిది చెప్పిన సులభముగాఁ దెలియును, పద్ధతి యొక్కటే. ఎగువ తలుపు మూయుదురు. దిగువకు నీరు విడుతురు. నీటితో నోడయు దిగును. అయితే యిచ్చటి దిగుడు సుమారు 20 మీటర్లు. మెల్లమెల్లగా మాకిరువైపులఁ బాచిపట్టిన గోడలు లేచెను. ఎండ పోయెను. పైన నాకాశ మొక పలకవలె మిగిలెను. పెద్దనూతిలోనికి దింపినట్లుండెను. పిదప దిగువ తలుపు తెఱచుకొని, మరల వెలుఁగు, పొలములు, కొంగలు.

ఈ లాకునకును దానిప్రక్కనున్న విద్యుత్కేంద్రమునకును బెద్ద వ్యాజ్యమొకటి కలదు. పల్లెటూరి పెద్దలకు నీటి తగవులు తెలియనివి కావు గనుకఁ జెప్పుచున్నాను. 1977లో హంగరీయుఁ జెకొస్లొవాకియాయు నీ నదికిఁ గలిసి యానకట్టలు గట్టుటకు సంధి చేసికొనిరి. నదికి, భూగర్భజలమునకు హాని కలుగునని ప్రజలు మొఱపెట్టఁగా, హంగరీ 1989లోఁ దన పని నాపివేసెను. రెండవ పక్షమువారు ఊరకుండక, 1992లో నదిని దమవైపునకు మరలించుకొని పని పూర్తిచేసిరి. తగవు హేగునగరమందలి యంతర్జాతీయ న్యాయస్థానమున కెక్కెను. 1997లోఁ దీర్పు వచ్చెను: మాట తప్పి పని విడుచుట మొదటివారి తప్పు, పొత్తుగా వాడవలసిన నీటి నొంటిగా మరలించుట రెండవవారి తప్పు, ఇరువురును గూర్చుండి పరిష్కరించుకొనుఁడు. తీర్పు విన్నప్పుడు మా యూరి రచ్చబండ నాకు జ్ఞప్తికి వచ్చెను.

రాత్రి గడచి తెల్లవాఱఁగానే ఎస్టెర్‌గోమ్. హంగరీలోఁ గెల్లఁ బెద్దదగు దేవాలయము కొండపై నుండును. దాని కెదుట నదిపై నొక వంతెన. 1944లో యుద్ధమునఁ గూలిన దానిని మరలఁ గట్టి తెఱచినది 2001లో. ఏఁబదియేడేండ్లు గట్టునకు గట్టు కానవచ్చుచుండియుఁ గాలినడక లేకుండెను. అచ్చటినుండి తూర్పునకుఁ బాఱు నది కొండలనడుమఁ దిరిగి దక్షిణాభిముఖమగును. పాపికొండలఁ జూచినవారి కా వంపు వింత గాదు.

మధ్యాహ్నమునకు బుడాపెస్టు. పశ్చిమతీరమున బుడా, కొండలమీఁద. తూర్పుతీరమునఁ బెస్టు, మైదానమున. రెండు నగరములును, బాతబుడా యను మూఁడవదియుఁ గలిసి 1873లో నొక్కటయ్యెను. తీరమున శాసనసభామందిరము 268 మీటర్ల పొడవున నీటిలోఁ దన నీడఁ జూచుకొనుచుండును. దాని గుమ్మటపుటెత్తు 96 మీటర్లు. హంగరీజాతివా రీ దేశమునకు వచ్చిన 896వ సంవత్సరమునకు గుర్తుగా నా యంకె నెంచికొనిరి.

రెండు తీరములకును మొదటి స్థిరమైన వంతెన గొలుసు వంతెన. దాని కథ యొకటి కలదు. సేచెన్యి అను ప్రభువు 1820 డిసెంబరులోఁ దండ్రి యంత్యక్రియలకుఁ బోవుచు, నదిలో మంచుగడ్డలు పాఱుటచే దాఁటలేక యొక వారము గట్టుననే చిక్కుకొనెను. ఆయనయే తరువాత వంతెనకై పట్టుపట్టెను. 1849లో నది తెఱవఁబడెను. 1945 జనవరిలో వెనుదీయుచున్న జర్మనీసేనలు దానిని బేల్చివేసిరి. సరిగా నూఱేండ్లకు, 1949లో, మరలఁ గట్టి తెఱచిరి.

ఆ వంతెన మొగనే యొక విద్వత్పరిషత్తు. 1825లో నీ సేచెన్యియే తన యొకయేఁటి రాఁబడి నంతయు నిచ్చి దానికిఁ బునాది వేసెను. మాకు దారిచూపినవాఁ డొక వృద్ధుఁడు; నావలెనే యుద్యోగము ముగిసిన యుపాధ్యాయుఁడు. మేము భారతీయులమని వినఁగానే చేతులు జోడించి, "చోమా తెలియునా?" యని యడిగెను. తెలియదంటిని. వాఁడు నదిగట్టుననే మమ్ము నిలిపి చెప్పెను.

చోమా యను పేదవిద్యార్థి తన జాతి పుట్టిల్లెచ్చటనో తూర్పుదేశముల నుండునని తలఁచి, 1819లో నిల్లు విడిచి, చాలవఱకుఁ గాలినడకనే పారసీకము, కాబూలు దాఁటి లడాఖు చేరెను. తన జాతి జాడ దొరకలేదు. దొరకినది టిబెటను భాష. జాంస్కారు లోయలో నొక మఠమునందు నిప్పు లేని యిఱుకుగదిలో, గొఱ్ఱెతోలు కప్పుకొని, చలికిఁ జేతులు వెలుపలఁ బెట్టలేక, యొక లామాకడ నా భాష నభ్యసించెను. 1834లోఁ గలకత్తాలో నాతని నిఘంటువును వ్యాకరణమును నచ్చుపడెను. 1842లో లాసాకుఁ బోవుచు డార్జిలింగులో జ్వరమునఁ గన్నుమూసెను. అతని సమాధి యచ్చటనే కలదు. అతఁడు సంపాదించిన టిబెటను గ్రంథములు కొన్ని యీ పరిషత్తువారి గ్రంథాలయమునఁ గలవు.

"మీ దేశమున నా గ్రంథముల నిప్పటికిఁ జదువువారుందురా?" యని యా వృద్ధుఁడు మర్యాదకై యడిగెను. ఏమి చెప్పుదును? మా బ్రౌనుదొర కూలియిచ్చి వ్రాయించినందున మన వేమన పద్యములు మనకు మిగిలెనని చెప్పితిని. నా సంగతి చెప్పలేదు.

సాయంకాలము శాసనసభామందిరము కడ గట్టుమీఁద నడచుచుండఁగా, నీటి యంచున వరుసగాఁ బాదరక్షలు కనఁబడెను. ఆడువారివి, మగవారివి, పిల్లలవి. మా గృహిణి చూచి, "ఏమండీ, ఇచ్చట గుడి యెక్కడ?" నని యడిగి, తన చెప్పులు విడువఁబోయెను. దగ్గఱకుఁ బోఁగా నవి యినుపవి. 1944-45 సంవత్సరముల శీతకాలమున, హంగరీలోని జాత్యహంకారదళమువారు యూదులను దెచ్చి యీ గట్టున నిలిపి, చెప్పులు విడిపించి, కాల్చి, నదిలోఁ ద్రోసిరి. చెప్పులకు వెల కలదు గావున విడిపించిరి. 2005లో 60 జతలను ఇనుముతోఁ బోసి యచ్చట నుంచిరి. ఒక చిన్నజోడులో నెవరో పూవుంచియుండిరి. ఆమె చెప్పులు విడిచియే కొంతసేపు నిలిచెను.

ఆ రాత్రియే కడపటిరాత్రి. రెండు తీరముల దీపములు వెలుఁగఁగా నోడ నొక్కమాఱు వంతెనలక్రిందఁ ద్రిప్పి తెచ్చిరి. పెట్టెలకు రంగుచీటీలు కట్టి వేఁకువకు ముందే గది వాఁకిట నుంచుఁడని చెప్పిరి. పనివారికి బహుమాన మిచ్చుటకొక కవరు బల్లమీఁద నుండెను. ఎంత యిచ్చిన మర్యాదయో తెలియక మేమిద్దఱమును దానితోఁ గొంతసేపు కుస్తీపట్టితిమి. పెట్టెలు సర్దుచుండఁగా నేను, గ్రంథశాలలో నాకుఁ గలిగిన చింతను మొదటిసారి యామెకుఁ జెప్పితిని. ఆమె చీర మడఁత పెట్టుచునే వినెను.

"ఆనాఁడు మెట్లమీఁద నేను మీ ప్రక్కనే యుంటిని" అనెను. కొంతసేపటికి, "ఆ యెఱ్ఱగుడ్డలోని దానిలో నేమున్నదండీ? ముప్పదిరెండేండ్లుగాఁ గుంకుమ పెట్టుచున్నాను" అని యడిగెను.

నాకుఁ దెలియదు. ముప్పదిరెండు దసరాలు దానికిఁ బూజచేసితిని, గుడ్డ విప్పలేదు.

మఱునాఁ డుదయమున నోడ దిగి, విమానమున మా కుమారునియింటికిఁ జేరి, పదిదినములకు మా యూరు వచ్చితిమి. అప్పటికి దసరాలు దగ్గఱపడెను. మూలానక్షత్రమునాఁడు పూజ ముగిసిన తరువాత గుడ్డ విప్పితిని. నలువదిమూఁ డాకులు. అందుఁ దొమ్మిదింటికిఁ బురుగు తొలిచిన రంధ్రములు. మొదటి యాకు చదువుటకు నాకు నాలుగు దినములు పట్టెను. అది కావ్యము గాదు, శాస్త్రమును గాదు. ఎద్దులకు, ఆవులకు వచ్చు రోగములు, వానికి మందులు. నడుమ నడుమ మా ముత్తాతగారు, ఏ యాకుపసరు ఎవరి కోడెకు గుణమిచ్చెనో వారి యింటిపేరుతో సహా వ్రాసియుంచిరి. అందు రెండిండ్లవారు నేఁటికిని మా వీధిలోనే యున్నారు. వారిని బిలిచి చదివి వినిపించితిని.

దినమున కొక్క యాకు చొప్పున నకలు వ్రాయుదునని కూర్చుంటిని గాని, కన్నులు సహకరింపలేదు. ఇరువదియేడవ యాకు వఱకు వచ్చితిని. తక్కినవానికి మా గృహిణి దీపము పట్టుకొనుచున్నది.